తాతల నాటి ఇంటిని వెతికి చూసి రావడం: వరుసగా ఏం చేయాలి, ఎక్కడ పొరపాటు పడతారు

"మా తాతగారి ఊరు తెలుసు, ఇల్లెక్కడో తెలియదు. ఎలా పట్టుకోవాలి?" "ఇల్లు తెలుసు, కానీ ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. ఏమని తలుపు కొట్టాలి?" నన్ను ఎక్కువగా అడిగేవి ఈ రెండే. మొదటిది ఓపిక ఉంటే తేలిపోతుంది. చిక్కంతా రెండోదానితోనే. ముక్కూమొహం తెలియని నలుగురు కారు దిగి "ఇది మా తాతగారిల్లు" అంటే, ఆ ఇంటివాళ్లకు ముందు వచ్చే ఆలోచన "వాటా కోసం వచ్చారా?" అన్నదే. తప్పు వాళ్లది కాదు, మన ఊళ్లలో ఆస్తి తగాదాలు అలాంటివి. అందుకే ఈ వరుస రాస్తున్నప్పుడు ఆ అనుమానం రాకుండా చూసుకోవడం మీదే ఎక్కువ దృష్టి పెట్టాను.

## 1. ఏ ఇల్లో ముందు తేల్చుకోండి

"పూర్వీకుల ఇల్లు" అనుకుంటాం గానీ లెక్క చూస్తే నాలుగైదు తేలతాయి. తాతగారు పుట్టినది, పెరిగినది, వేరు పడ్డాక కట్టుకున్నది, నాయనమ్మ పుట్టిల్లు, అమ్మమ్మగారిల్లు. వీటిలో ఒకటో రెండో ఎంచుకోండి. ఒక్క రోజులో మూడు ఊళ్లు పెట్టుకుంటే ఏ ఊళ్లోనూ కూర్చుని మాట్లాడే తీరిక దొరకదు.

ఇక్కడ రెండు పొరపాట్లు చాలామంది చేస్తారు.

మొదటిది, పుట్టిన ఊరే సొంత ఊరనుకోవడం. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. కాబట్టి తాతగారు "ఫలానా ఊళ్లో పుట్టారు" అంటే అది బహుశా ఆయన అమ్మమ్మగారి ఊరు.

రెండోది, ఇంటిపేరును బట్టి ఊరికి బయల్దేరడం. ఇంటిపేరులో ఊరి పేరుందంటే, ఆ ఊరి నుంచి ఎప్పుడో వచ్చేశారని అర్థం. ఎన్ని తరాల కిందటో ఎవరూ చెప్పలేరు. ముందు ముత్తాత ఉన్న ఊరు చూడండి, ఇంటిపేరు ఊరి సంగతి తర్వాత.

## 2. పెద్దవాళ్లను అడగండి, అడిగే తీరు మార్చండి

"ఇల్లెక్కడ ఉండేది?" అంటే "చెరువు గట్టు దగ్గర" అనేసి ఊరుకుంటారు. ప్రశ్న చిన్నదిగా, కళ్లకు కట్టేదిగా ఉండాలి:

- అరుగు మీద కూర్చుంటే ఎదురుగా ఏం కనపడేది?
- నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు? బడికి ఏ దారిన వెళ్లేవారు?
- వీధి గుమ్మం ఏ దిక్కుకు? పెరటి గుమ్మం ఎక్కడికి తీసేది?
- ఇటు గోడ ఎవరిది, అటు గోడ ఎవరిది?
- ఊళ్లో మనల్ని ఏమని పిలిచేవాళ్లు?

ఆఖరి ప్రశ్న మాత్రం వదలొద్దు. కాగితం మీది ఇంటిపేరు ఊళ్లో చాలామందికి తెలియదు. "మిద్దింటోళ్లు", "కరణంగారిల్లు", "బావి కాడోళ్లు" అంటేనే గుర్తుపడతారు.

ఫోన్లో రికార్డింగ్ పెట్టి, ఒక కాగితం ఇచ్చి వీధి బొమ్మ గీయమనండి. గీత వంకర పోయినా పర్వాలేదు, గుడి, బావి, సందు మలుపు వచ్చాయంటే చాలు. ఇద్దరు పెద్దవాళ్లుంటే విడివిడిగా గీయించండి. ఒకేచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాళ్ల బొమ్మే మిగులుతుంది.

## 3. మీ ఇంట్లోనే ఉన్న ఆధారాలు

అటక మీదికి ఎక్కండి. పాత శుభలేఖలు, పోస్టు కార్డులు, జాతకాలు, ప్రోనోట్లు, ఫోటోల వెనక రాతలు అన్నీ చూడండి. ఇత్తడి బిందెలు, రాగి చెంబుల అంచులు ముఖ్యంగా చూడండి. పేరు, ఊరు, కొన్నిసార్లు తేదీ కూడా చెక్కించేవారు. చింతపండుతో తోమి, పక్క నుంచి టార్చి వేస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా పైకి తేలతాయి.

అన్నిటికన్నా విలువైనది పాత దస్తావేజు. సర్వే నంబరు కోసం చూసి పక్కన పెట్టేయకండి, హద్దుల పేరా చదవండి. "తూర్పు: ఫలానావారి పెరటి గోడ, దక్షిణం: పంచాయతీ వీధి, పడమర: ఉమ్మడి నుయ్యి, ఉత్తరం: ఫలానావారి ఖాళీ స్థలం" అని ఉంటుంది. మీ ఇల్లు చేతులు మారి ఉండొచ్చు, ఇరుగుపొరుగు పేర్లలో ఒకరి వారసులైనా ఊళ్లో మిగిలి ఉంటారు. ఆ పేరు పట్టుకుని అడిగితే ఇల్లు దొరుకుతుంది.

## 4. ఊరిని ఇవాళ్టి మ్యాపులో పట్టుకోండి

కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లతో ఎన్ని ఊళ్లున్నాయో లెక్కలేదు. ఊరి పేరు పక్కన పాత తాలూకా, దగ్గరి రైల్వే స్టేషను, ఏరు, సంత జరిగే ఊరు రాసుకోండి. పెద్దవాళ్లు చెప్పే జిల్లా ఇప్పటి జిల్లా కాకపోవచ్చు. ఈ మార్పులు గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది:

- గంజాం జిల్లా 1936లో చాలావరకు ఒరిస్సాలో కలిసింది. "మాది గంజాం" అంటే ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉండొచ్చు.
- భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి, ఆ తర్వాత ఖమ్మం. 2014లో అక్కడి కొన్ని మండలాలు మళ్లీ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి.
- ఒంగోలు 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది.
- మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందు కాగితాల్లో తాలూకా, దానిలో భాగమైన ఫిర్కా ఉంటాయి.
- తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఇప్పుడు 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి.

మ్యాపులో ఊరు దొరక్కపోతే అది వేరే పంచాయతీకి శివారు అయి ఉండొచ్చు. చుట్టుపక్కల పెద్ద ఊరు పేరు చెప్పి అడగండి.

## 5. ప్రభుత్వ కాగితాలు: కావాల్సినంత వరకే

చాలామంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. పొలం రికార్డుల సైటులో తాత పేరు కొడతారు, రాదు, నిరాశపడతారు. అడంగల్, పహాణీ సాగు భూమికి. ఊరి నడుమ ఇళ్లున్న జాగా గ్రామకంఠం. పాత సర్వే లెక్కల్లో దాన్ని ఒక్క ముక్కగా చూపించి వదిలేశారు, ఇంటింటికీ యజమాని పేరు ఉండదు. కాబట్టి ఇంటి కోసమైతే చూడాల్సినవి వేరు:

- పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టరు. పాతవి ఉంటే అదృష్టం. ఇంటి నంబర్లు మారుతూ వచ్చాయి కాబట్టి నంబరు కన్నా వీధి, పేరు చూడండి.
- ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా). రిజిస్ట్రేషన్ శాఖ సైట్లలో 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి అప్లై చేయాలి. దస్తావేజు నంబరు తెలిస్తే సర్టిఫైడ్ కాపీ కూడా అక్కడే ఇస్తారు.
- పాత ఓటర్ల జాబితా. పేర్లు ఇళ్ల వరుసలో, ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు, వయసుతో సహా ఉంటాయి. ఇరుగుపొరుగు ఎవరో తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైనది లేదు.

తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూస్తే మీ కుటుంబం ఆ ఊళ్లో సాగు చేసిందో లేదో తెలుస్తుంది. నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి, చదివిపెట్టే మనిషిని ముందే చూసుకోండి.

కరణం, మునసబు, పట్వారీ, పటేల్ వ్యవస్థ 1984లో రద్దయింది. అధికారిక రికార్డులు ప్రభుత్వానికి చేరినా, ఆ కుటుంబాల్లోని పెద్దలకు ఊరి వంశాలన్నీ నోటికి వచ్చు. ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగేకన్నా వాళ్లతో ఒక గంట కూర్చోవడం మేలు.

ఒక హెచ్చరిక. ఈ కాగితాలేవీ ఆ ఇంటికి పట్టుకెళ్లొద్దు. ఈసీ కాపీ చేతిలో పెట్టుకుని "ఊరికే చూద్దామని వచ్చాం" అంటే ఎవరూ నమ్మరు.

## 6. ముందు ఊళ్లో ఒక మనిషి, తర్వాతే ఇల్లు

ఇంటికి నేరుగా వెళ్లకండి. ఊళ్లో నలుగురికీ తెలిసిన ఒకరి ద్వారా కబురు పెట్టండి. గుడి పూజారి, పోస్ట్‌మన్, రిటైరైన మాస్టారు, ఆర్‌ఎంపీ డాక్టరు, రేషన్ డీలరు, ఎవరైనా సరే. ఇల్లిల్లూ తిరిగి పనిచేసిన రజక, నాయీబ్రాహ్మణ కుటుంబాల్లోని పెద్దవాళ్లకు ఏ ఇల్లు ఎప్పుడు ఎవరికి మారిందో తేదీలతో సహా గుర్తుంటుంది. వాళ్లను అడగాలన్న ఆలోచనే చాలామందికి రాదు.

ఊరి రాజకీయాల్లో బాగా తిరిగేవాళ్లను మాత్రం మధ్యలో పెట్టుకోకండి. మీరు ఒక పార్టీ మనుషులైపోతారు.

ఫోన్లో ఇలా చెప్పండి: "నమస్కారమండీ. మా తాతగారు ఫలానా, ఫలానావారి వీధిలో ఉండేవారట. ఇల్లు ఎప్పుడో అమ్మేసి వచ్చేశాం. మాకు ఆస్తి విషయం ఏమీ లేదండీ. మా నాన్నగారు ఒక్కసారి చూడాలంటున్నారు. ఇప్పుడున్నవాళ్లు ఒప్పుకుంటేనే వస్తాం. మీరు ఒక మాట అడిగి పెడతారా?"

"అమ్మేసి" అన్న మాట ముఖ్యం. అది ముందే వినపడితే సగం టెన్షన్ పోతుంది. ఒకవేళ నిజంగానే పంపకాలు తేలని ఇల్లయితే, కోర్టులో ఉన్న ఇల్లయితే, దూరం నుంచి వీధిలో చూసి వచ్చేయండి. లోపలికి వెళ్లే ప్రయత్నం వద్దు.

## 7. ఎప్పుడు, ఎంతమంది, ఏం పట్టుకుని

నాట్లు, కోతల రోజుల్లో ఊళ్లో మనుషులు దొరకరు. ఎండాకాలం పెద్దవాళ్లు తట్టుకోలేరు. వానల్లో నల్లరేగడి దారుల్లో కారు దిగబడితే ట్రాక్టరు పిలవాల్సి వస్తుంది. సంక్రాంతికి ఊరంతా ఉంటుంది నిజమే, కానీ ఆ ఇంట్లోనూ కూతుళ్లు, అల్లుళ్లు దిగి ఉంటారు. పండక్కి ముందు వారమో, కనుమ వెళ్లాక రెండు మూడు రోజులకో పెట్టుకుంటే మంచిది.

ఉదయం టిఫిన్ల వేళ దాటాక గానీ, సాయంత్రం నాలుగు తర్వాత గానీ వెళ్లండి. పన్నెండింటికి వెళ్తే వాళ్లు వండిపెట్టక తప్పని పరిస్థితి వస్తుంది. ఆ ఇంట్లో మైల ఉంటే వాయిదా వేయండి.

నలుగురైదుగురు చాలు. ఒక పెద్దాయనో పెద్దావిడో, ఒక ఆడమనిషి తప్పనిసరి. మూడు కార్లలో వెళ్తే పంచాయితీకి వచ్చినట్టే ఉంటుంది. ఊళ్లోవాళ్లతో పాత గొడవలున్న బంధువును ఎంత మొహమాటమైనా వెంట తీసుకెళ్లొద్దు. కారు వీధి మొదట్లో ఆపి నడవండి.

పట్టుకెళ్లాల్సినవి:

- [ ] పళ్లు, మిఠాయి. హిందూ ఇల్లయితే ఇంటావిడకు పసుపు కుంకుమ, జాకెట్ ముక్క. డబ్బు ఇవ్వొద్దు.
- [ ] ఆ ఇంటి పాత ఫోటో ఉంటే రెండు ప్రింట్లు, ఒకటి వాళ్లకి
- [ ] పెద్దవాళ్లు గీసిన వీధి బొమ్మ
- [ ] పుస్తకం, పెన్ను, కొలత టేపు, టార్చి, పవర్ బ్యాంక్
- [ ] పెద్దవాళ్ల మందులు, మంచినీళ్లు, మడత కుర్చీ
- [ ] బూట్లు (ఇల్లు పాడుబడిందని తెలిస్తే)

## 8. గుమ్మం దగ్గర

కబురు పెట్టిన మనిషిని వెంట తీసుకెళ్లండి. ముందు ఆయన మాట్లాడతారు. మీరు అరుగు దగ్గరో వాకిట్లోనో ఆగండి. పిలిచాకే లోపలికి.

మగవాళ్లు ఇంట్లో లేకుండా ఒక్క ఆడమనిషే ఉంటే, లోపలికి రమ్మన్నా ఆవిడ ఇబ్బంది గమనించి "సాయంత్రం వస్తామమ్మా" అనండి.

కూర్చున్నాక ముందు వాళ్ల గురించి అడగండి. ఎన్నాళ్లుగా ఉంటున్నారు, పిల్లలేం చేస్తున్నారు, ఇంటికి ఏమేం బాగు చేయించారు. తర్వాతే మీ కథ. "మా ఇల్లు" అనే మాట నోటికి వస్తూనే ఉంటుంది, ఆపుకోండి. "మీ ఇల్లు", "తాతగారు ఉన్న ఇల్లు" అనండి. "అయ్యో, గోడ పడగొట్టేశారా" లాంటివి మనసులోనే ఉంచుకోండి. అది వాళ్ల ఇల్లు, వాళ్ల అవసరం.

ఫోటోలు అడిగి తీయండి. వంటగది, దేవుడి గది, పడకగదుల్లోకి వాళ్లు చూపిస్తేనే. వీడియో తీస్తూ లోపలికి వెళ్లడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

అరగంట అనుకుని వెళ్లండి. ఉండమంటే ఉండండి. కాఫీ ఇస్తే తాగండి, వద్దంటే నొచ్చుకుంటారు.

## 9. లోపల ఏం చూడాలి

ముందు తల పైకెత్తండి. దూలాలకు ఉయ్యాల కొక్కేలు, ఇనప కడియాలు ఉన్నాయేమో చూడండి. ఇంట్లో ఎన్ని మార్పులు చేసినా వాటిని పీకే ఓపిక ఎవరికీ ఉండదు. మీతో వచ్చిన పెద్దవాళ్లు "ఉయ్యాల బల్ల ఇక్కడ" అని చెప్పినచోట కొక్కెం కనపడిందంటే, సరైన ఇంటికే వచ్చారు.

తర్వాత ద్వారబంధం. పై పట్టె మీద చెక్కడాలు, పేరు, సంవత్సరం ఉండొచ్చు. రంగు పూతల కింద దాగి ఉంటే గీకకండి, టార్చి పక్క నుంచి వేసి ఫోటో తీయండి. గోడల్లో దీపం గూళ్లు, నేలలో పాతిన రుబ్బురోలు, గాదె ఉన్నచోటు, మండువా లోగిలైతే మధ్యలో వాన నీళ్లు పోయే తూము, రాయలసీమ మిద్దె అయితే పైకప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షి, ఇవన్నీ చూడాలి. నూతి పళ్లెం మీద సిమెంటులో వేలితో రాసిన పేర్లూ తారీకులూ తరచూ ఉంటాయి.

పెంకుల దగ్గర జాగ్రత్త. బంగాళా పెంకు తిరగేస్తే "బాసెల్ మిషన్, మంగళూరు, 1865" లాంటి అచ్చు కనపడొచ్చు. అది చూసి "మా ఇల్లు 1865లో కట్టారు" అని వంశవృక్షంలో రాసేసుకునేవాళ్లున్నారు. ఆ ఏడు మంగళూరులో ఆ ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. దాన్నిబట్టి ఇల్లు ఎప్పటిదో చెప్పలేం.

వీలైతే, వాళ్లు సరేనంటే, గదుల కొలతలు తీసుకుని ప్లాను గీయండి. ఫోటోల్లో గదుల వరుస అర్థం కాదు, ప్లానులో అవుతుంది.

## 10. ఇల్లు పాడుబడినా, లేకపోయినా

తాళం వేసి ఉంటే యజమాని ఎవరో కనుక్కుని ఫోన్లో అనుమతి అడగండి. కూలిన ఇల్లయినా ఎవరో ఒకరి ఆస్తే. అనుమతి వచ్చినా కప్పు కిందికి వెళ్లొద్దు. నానిన మట్టి గోడ, చెదలు పట్టిన వాసాలు ఎప్పుడు పడతాయో చెప్పలేం. పెంకు కుప్పల్లో పాములు, తేళ్లు ఉంటాయి. బూట్లు వేసుకుని, చేతికర్రతో నేల తడుతూ, వెలుతురు ఉండగానే చూసి రండి.

ఆ జాగాలో డాబా లేచి ఉండటమే ఇవాళ ఎక్కువగా జరిగేది. దానికి సిద్ధపడే వెళ్లండి, పెద్దవాళ్లకు కూడా ముందే చెప్పండి. అప్పుడు చూడాల్సింది ఇంటి చుట్టూ మారనివి: గుడి, బావి, రచ్చబండ, సందు మలుపు, పక్కింటి పాత గోడ. జాగా ఎదుట నిలబడి నాలుగు దిక్కులా నాలుగు ఫోటోలు తీసి, వీధి బొమ్మతో సరిచూసుకోండి.

మునిగిన ఊళ్ల సంగతి వేరు. నాగార్జునసాగర్, శ్రీశైలం, ఇప్పుడు పోలవరం కింద ఖాళీ చేసిన ఊళ్లవాళ్లు చాలామంది ఇదే అడుగుతారు. ముందు ఆ ఊరివాళ్లకు ఎక్కడ పునరావాసం ఇచ్చారో కనుక్కుని ఆ కాలనీకి వెళ్లండి. కాలనీకి పాత ఊరి పేరే ఉండటం మామూలు. గుళ్లు కొన్ని తరలించారు, కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇప్పుడు అలంపురంలో ఉంది. శ్రీశైలం జలాశయంలో నీళ్లు బాగా తగ్గిన ఎండాకాలంలో కొన్నిచోట్ల పాత గోడలు, గుళ్లు బయటపడతాయి. కర్నూలు వైపు సప్తనదుల సంగమేశ్వరం అలా తేలేదే. కానీ ఒండ్రు పైకి గట్టిగా కనపడి లోపల ఊబిలా ఉంటుంది. స్థానిక జాలరి తోడు లేకుండా దిగకండి.

## 11. సముద్రం దాటి వెళ్లిన కుటుంబాలవారికి

మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారి వారసులు ఇక్కడికి వచ్చి వెతకడం మొదలుపెడితే దారి దొరకదు. అక్కడే మొదలుపెట్టాలి. మారిషస్‌కు 1834 నుంచి, దక్షిణాఫ్రికాకు 1860 నుంచి 1911 దాకా, ఫిజీకి 1879 నుంచి 1916 దాకా వెళ్లినవారి రికార్డుల్లో సాధారణంగా తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉంటాయి. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

ఊరి పేరు గుమస్తాకు వినపడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. దాన్ని పైకి చదివి వినిపించి, ఆ తాలూకావాళ్లను "ఇలాంటి పేరున్న ఊరుందా?" అని అడగండి. కోరంగి, విశాఖపట్నం, మద్రాసు అని ఉంటే అవి ఓడ ఎక్కిన రేవులు కావొచ్చు. వాటిని సొంత ఊరనుకుని ఆగిపోకండి. అన్ని తరాల తర్వాత ఇల్లు దొరకడం అరుదు, ఊరు, వీధి దాకా దొరికితే బాగా దొరికినట్టే.

## 12. వచ్చే చిక్కులు, చేయాల్సినవి

లోపలికి రానివ్వకపోతే: బతిమాలొద్దు. మీ నంబరు, పాత ఫోటో ప్రింటు ఇచ్చి, బయటి నుంచి ఒక ఫోటో తీసుకోవచ్చా అని అడిగి వచ్చేయండి. ఆ ఫోటో చూశాక వాళ్లే ఫోన్ చేయొచ్చు.

"మీ పొలం ఫలానావాళ్లు ఆక్రమించారండీ" అని ఎవరైనా చెవిలో వేస్తే: విని ఊరుకోండి. ఈ ప్రయాణంలో ఆ మాట ఎత్తొద్దు. నిజంగా హక్కుందనిపిస్తే అది లాయరుతో వేరే రోజు చూసుకోవాల్సిన పని.

"ఇల్లు అమ్ముతాం, కొంటారా?" అంటే: ఆ రోజు ఏ మాటా ఇవ్వకండి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నప్పుడు చేసే బేరంలో నష్టపోయేది కొనేవాడే.

ఏదైనా గుర్తుగా తెచ్చుకోవాలనిపిస్తే: ఒక పెంకు, పెరట్లో మొక్క పిలక అడగొచ్చు. తలుపులు, ద్వారబంధాలు అడగొద్దు. శుక్రవారం, మంగళవారం ఇంట్లోంచి వస్తువు ఇవ్వడానికి చాలామంది ఇష్టపడరు.

ఊళ్లో దూరపు చుట్టాలుంటే: పది నిమిషాలైనా వాళ్లింటికి వెళ్లండి. "ఊరికొచ్చి మా గడప తొక్కలేదు" అన్న మాట ఏళ్ల తరబడి నిలుస్తుంది.

పెద్దవాళ్లు ఒక్కసారిగా కదిలిపోతే: అందుకే మడత కుర్చీ, మందులు. చుట్టూ ఫోన్లు పెట్టి వీడియో తీయకండి, కాసేపు వదిలేయండి.

## 13. తిరిగొచ్చాక

- [ ] ఆ రాత్రే విన్నదంతా రాయండి, ఎవరు చెప్పారో కూడా. తెల్లారేసరికి పేర్లు కలిసిపోతాయి.
- [ ] ప్రతి ఫోటోకూ ఊరు, తేదీ, ఏ దిక్కుకు తీశారో రాసిపెట్టండి.
- [ ] ఆ ఇంటివాళ్లతో దిగిన ఫోటో ప్రింటు తీయించి నెల లోపు పంపండి. వాట్సాప్‌లో పంపడం దీనికి బదులు కాదు.
- [ ] కబురు పెట్టి సాయం చేసిన మనిషికి ఫోన్ చేసి చెప్పండి.
- [ ] ఇంటి ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టేముందు ఇప్పటి యజమానిని అడగండి. లొకేషన్ ఆపేయండి.
- [ ] మీతో రాలేకపోయిన తోబుట్టువులకు ప్లాను, రికార్డింగులు పంపించి, ఏవి తప్పో చెప్పమనండి. "అది వంటిల్లు కాదు, పురుడు గది" అని ఎవరో ఒకరు దిద్దుతారు. దిద్దినదాన్ని కూడా పక్కనే రాసుకోండి, పాతది కొట్టేయకండి.